ఖండాలు కదిలాయని ఎలా నమ్మాలి? ఆకారం పక్కన పెట్టి లెక్క చూడండి

మీరు అడిగింది ఇదీ: "దక్షిణ అమెరికా, ఆఫ్రికా అంచులు అతికినట్టు కనిపిస్తే సరిపోతుందా? అది కాకతాళీయం కావచ్చు కదా. కోట్ల ఏళ్ల కిందట ఎవరు చూశారు? ఇప్పుడు జీపీఎస్ ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు చూపిస్తే, దాన్ని పట్టుకుని వేల కిలోమీటర్లు కదిలాయని ఎలా అంటారు?"

ఈ అనుమానం సరైనదే. దాదాపు యాభై ఏళ్ల పాటు పేరున్న భూవిజ్ఞానులు కూడా ఇదే అడిగారు, అడిగి ఒప్పుకోలేదు. వాళ్లు చివరికి ఎందుకు ఒప్పుకున్నారో చెప్తే మీకు జవాబు దొరుకుతుంది. ముందే ఒక మాట చెప్పేస్తాను. మ్యాప్‌లో అంచులు అతకడం అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. అసలు బలం ఎక్కడుందంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని పద్ధతుల్లో, వేర్వేరు మనుషులు, వేర్వేరు పరికరాలతో కొలిచిన వేగాలు ఒకే చోటికి వచ్చి కలవడంలో ఉంది. నేను చాలా ఏళ్లు రాళ్లలోని అయస్కాంతత్వం కొలిచే పనిలో ఉన్నాను, కాబట్టి ఆ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిగ్గా చదవండి.

అంచుల సంగతి 1596లోనే అబ్రహాం ఒర్టీలియస్ అనే మ్యాపుల తయారీదారు గమనించాడు. కానీ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టడానికి పూనుకున్నది ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఈయన జర్మన్, చదివింది ఖగోళశాస్త్రం, చేసిన పని వాతావరణ శాస్త్రం. 1912లో మొదటిసారి ఉపన్యాసంలో చెప్పాడు, 1915లో పుస్తకం వేశాడు. మీ అనుమానానికి ఆయన దగ్గరే ఒక చక్కటి పోలిక ఉంది. చిరిగిన న్యూస్‌పేపర్ ముక్కలు అంచుల ప్రకారం అతికించాక, అచ్చయిన వరసలు ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి సాఫీగా వెళ్తున్నాయా లేదా అని చూడాలి. ఒక్క వరస కలిస్తే అదృష్టం అనుకోవచ్చు, వరస తర్వాత వరస కలుస్తూ పోతే అది ఒకే కాగితం.

ఆ వరసలు ఏమిటంటే, ముందు శిలాజాలు. మీసోసారస్ అని ఒక చిన్న సరీసృపం, మీటరు పొడవు కూడా కష్టం, సన్నటి సూదుల్లాంటి పళ్లు, లోతు తక్కువ నీళ్లలో బతికేది. దాదాపు 28 కోట్ల ఏళ్ల నాటి దీని శిలాజాలు దక్షిణ అమెరికా తూర్పు వైపున, ఆఫ్రికా దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దొరకలేదు. ఇంత చిన్న ప్రాణి అట్లాంటిక్ ఈదిందంటే నమ్మలేం. ఒకవేళ ఈదగలిగినా ఆ రెండు చోట్లకే ఎందుకు వెళ్లింది? గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నిట్లోనూ ఉన్నాయి. అంటార్కిటికాలో వాటిని సేకరించినవాళ్లలో కెప్టెన్ స్కాట్ బృందం ఉంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ, ఆకలితో, చలితో చనిపోయే దశలో కూడా వాళ్లు సుమారు 16 కిలోల రాళ్లని బండి మీంచి దించలేదు. కొన్ని నెలల తర్వాత శవాలు దొరికినప్పుడు పక్కనే ఆ రాళ్లు కూడా దొరికాయి, వాటిలో ఈ ఆకులున్నాయి. ఇప్పుడు మంచు తప్ప ఏమీ లేని ఖండం మీద ఒకప్పుడు అడవులు ఉన్నాయని ఆ రాళ్లు చెప్పాయి.

"రెండు ఖండాల మధ్య ఒకప్పుడు నేల వంతెన ఉండేది, తర్వాత మునిగిపోయింది" అని అప్పట్లో చాలామంది సర్దిచెప్పేవాళ్లు. అది కుదరదు. ఖండాల రాయి తేలిక, సముద్రం అడుగున ఉండే బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి) బరువు. తేలికైన రాయి బరువైన దాంట్లోకి ఆనవాలు లేకుండా మునిగిపోదు, చెక్కముక్క నీళ్ల అడుక్కి వెళ్లనట్టే. వెగెనర్ ఈ మాట గట్టిగా చెప్పాడు.

నాకు మటుకు శిలాజాల కన్నా గీతలు ఎక్కువ నచ్చుతాయి. హిమానీనదం కదిలేటప్పుడు అడుగున ఇరుక్కున్న రాళ్లతో కింది బండని గీరుకుంటూ పోతుంది. మంచు కరిగిపోయినా ఆ గీతలు ఉంటాయి, చేత్తో తడిమితే వేళ్లకి తగులుతాయి, మంచు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోయిందో వాటిని బట్టి చెప్పొచ్చు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ దగ్గర నూయిట్‌గెడాక్ట్ అనే చోట 30 కోట్ల ఏళ్ల కిందటి గీతలు ఇప్పటికీ ఎండలో బయటికి కనిపిస్తూ ఉన్నాయి. అదే కాలం నాటి మంచు గుర్తులు బ్రెజిల్‌లో, ఇండియాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. బ్రెజిల్ గీతల్ని బట్టి చూస్తే మంచు ఆగ్నేయం నుంచి, అంటే ఇప్పటి సముద్రం వైపు నుంచి నేల మీదికి ఎక్కినట్టు తేలుతుంది. ఖండాన్ని కప్పే మంచు నేల మీద పుట్టి సముద్రంలోకి జారుతుంది గానీ సముద్రంలో పుట్టి ఒడ్డెక్కదు. ఆఫ్రికాని తెచ్చి పక్కన పెట్టండి, ఆ మంచు ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఈ ఖండాలన్నీ దక్షిణ ధ్రువం చుట్టూ చేరిస్తే గుర్తులన్నీ ఒకే పెద్ద మంచు పలక కింద ఇముడుతాయి. ఎక్కడివక్కడే ఉంచితే మాత్రం భూమధ్యరేఖ దగ్గరి దాకా నేలంతా మంచు, అదే సమయంలో ఉత్తరాన వేడి చిత్తడి అడవులు అని చెప్పుకోవాల్సి వస్తుంది.

మరి ఇంత ఉన్నా ఎందుకు ఒప్పుకోలేదు? కదిపే శక్తి ఏమిటో వెగెనర్ చెప్పలేకపోయాడు. భూభ్రమణం వల్ల పుట్టే బలం, చంద్రుడి ఆటుపోట్ల బలం అన్నాడు. హారల్డ్ జెఫ్రీస్ అనే భూభౌతిక శాస్త్రవేత్త లెక్క వేసి అవి ఏ మూలకీ చాలవని చూపించాడు, ఆ లెక్క కరెక్టే. పైగా గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల లెక్కన దూరం పోతోందని వెగెనర్ అనుకున్నాడు, అదీ తప్పే. ఆయన 1930లో అదే గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు, తన మాట నెగ్గడం చూడలేదు. ఈ కథలో వ్యతిరేకించినవాళ్లని మూర్ఖులుగా చూపించే అలవాటు చాలామందికి ఉంది, అది నాకు నచ్చదు. కొలత లేనప్పుడు ఒప్పుకోకపోవడం తప్పు కాదు.

కొలతలు సముద్రం అడుగు నుంచి వచ్చాయి. 1952లో మేరీ థార్ప్ అనే ఆమె ఓడలు పంపిన లోతు కొలతల్ని కాగితం మీద గీస్తూ, అట్లాంటిక్ మధ్యలో ఉన్న పర్వతాల వరస శిఖరం మీద, దాని పొడవునా ఒక లోయ ఉందని గమనించింది. ఆడవాళ్లని అప్పట్లో ఆ ఓడలు ఎక్కనిచ్చేవాళ్లు కాదు, అంకెలు చూసే ఆమె ఇదంతా పట్టుకుంది. నేల అక్కడ చీలుతోందని ఆమె అంటే తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ మొదట కొట్టిపారేశాడు. పక్క బల్ల మీద ఇంకొకాయన సముద్రంలో వచ్చిన భూకంపాల్ని అదే స్కేల్‌లో మ్యాప్ మీద పెడుతున్నాడు. రెండు మ్యాపులూ ఒకదాని మీద ఒకటి పెట్టి కింద లైటు వేస్తే భూకంపాల చుక్కలన్నీ ఆ లోయ వెంబడే పడ్డాయి.

తర్వాత అయస్కాంత చారలు. ఇక్కడ నిదానంగా చదవండి, మీ ప్రశ్నకి గుండెకాయ ఇదే. లావాలో మాగ్నెటైట్ అనే ఖనిజపు సన్నటి రేణువులు ఉంటాయి. లావా గట్టిపడి 580 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లారేటప్పుడు ఆ రేణువుల అయస్కాంతత్వం అప్పటి భూమి అయస్కాంత క్షేత్రం దిశలో బిగుసుకుపోతుంది. భూమి క్షేత్రం మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు, లక్షల ఏళ్లకోసారి ఉత్తరం దక్షిణం తారుమారవుతుంది. చివరిసారి తిరగబడింది సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ల కిందట. నేల మీది లావా పొరల వయసు పొటాషియం, ఆర్గాన్ పద్ధతిలో (రాయిలోని పొటాషియం ఎంత ఆర్గాన్‌గా మారిందో కొలిచి) లెక్కకట్టి ఈ తారుమార్ల పట్టిక తయారుచేశారు. ఇదంతా సముద్రంతో పని లేకుండా జరిగిన పని, దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇంకోపక్క ఓడల వెనక మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే పరికరం) కట్టి లాక్కుంటూ వెళ్లినవాళ్లకి సముద్రం అడుగున ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా చారలు చారలుగా కొలతలు వచ్చాయి. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. 1963లో ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ దీని గుట్టు విప్పారు. సముద్ర మధ్యంలోని వరస దగ్గర కొత్త లావా పైకి వస్తుంది, చల్లారుతూ అప్పటి దిశని పట్టుకుంటుంది, తర్వాత వచ్చే లావా దాన్ని మధ్యకి చీల్చి సగం అటు, సగం ఇటు తోస్తుంది. లారెన్స్ మోర్లీ అనే కెనడా శాస్త్రవేత్త విడిగా ఇదే రాసి పంపితే పత్రికలు తిప్పి పంపేశాయి.

ఇది నిజమైతే రెండు విషయాలు కచ్చితంగా కనిపించాలి. ఒకటి, చారలు రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండాలి. రెండు, చారల వెడల్పులు నేల మీద కట్టిన ఆ పట్టికలోని కాలవ్యవధుల నిష్పత్తిలో ఉండాలి. 1965లో ఎల్టానిన్ అనే ఓడ దక్షిణ పసిఫిక్‌లో అలాంటి పర్వతాల వరసని దాటుతూ తీసిన ఒక రికార్డు ఉంది, దాన్ని కుడి ఎడమలు తిప్పి అసలు దాని కింద పెడితే ఎత్తుపల్లాలు ఒక్కొక్కటే సరిపోతాయి. నేను విద్యార్థులకి మొదటి రోజు చూపించేది ఈ కాగితమే. ఎన్ని మాటలు చెప్పినా కదలనివాళ్లు ఆ కాగితం తిప్పి చూడగానే కాసేపు మాట్లాడరు.

"చారల్ని మీకు కావలసినట్టు చదువుకున్నారేమో" అంటారా, అయితే తవ్వి చూశారు. 1968 చివర్లో గ్లోమర్ చాలెంజర్ అనే డ్రిల్లింగ్ ఓడ దక్షిణ అట్లాంటిక్‌లో వరుసగా బోర్లు వేసింది. బసాల్ట్‌కి సరిగ్గా పైన పేరుకున్న మొదటి మట్టిలో ఉన్న సూక్ష్మజీవుల శిలాజాల్ని బట్టి వయసు కట్టారు, అయస్కాంతంతో పనే లేదు. మధ్య వరస నుంచి సుమారు 420 కి.మీ. దూరంలో 2.4 కోట్ల ఏళ్లు, సుమారు 1,000 కి.మీ. దగ్గర 4.9 కోట్లు, సుమారు 1,300 కి.మీ. దగ్గర 6.7 కోట్లు. దూరాన్ని వయసుతో భాగించండి, ప్రతిసారీ ఏడాదికి రెండు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. అది ఒక వైపు. రెండు వైపులూ కలిపితే నాలుగు.

ఇప్పుడు మీ లెక్కకి వద్దాం. బ్రెజిల్ తీరం నుంచి నమీబియా తీరానికి 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద సుమారు 5,500 కి.మీ. అక్కడ ఖండాలు విడిపోవడం సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మొదలైందని రెండు ఒడ్డుల మీదా ఉన్న లావా చెప్తోంది. భాగిస్తే ఏడాదికి 4.2 సెం.మీ. ఇవాళ ఉపగ్రహాలతో కొలిస్తే ఆ రెండు ఖండాలూ ఉన్న పలకలు (భూమి గట్టి పైపొరలోని పెద్ద ముక్కలు) ఏడాదికి 3 నుంచి 3.5 సెం.మీ. దూరమవుతున్నాయి. కోట్ల ఏళ్లలో వేగం కొంత మారింది కాబట్టి ఆ చిన్న తేడా సహజమే. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు పట్టుకుని వెనక్కి సాగదీసి వేల కిలోమీటర్లు అంటున్నామన్న మీ మాట దగ్గరే పొరపాటు ఉంది. వేల కిలోమీటర్ల కదలిక, దానికి పట్టిన కాలం ముందే రాళ్లలో కొలిచేశారు. వేగం అక్కడి నుంచి వచ్చింది. ఉపగ్రహాలు తర్వాత వచ్చి అదే వేగాన్ని చూపించాయి.

నడిమి కాలానికి కూడా ఒక కొలత ఉంది. కాలిఫోర్నియాలో రెండు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగే సాన్ ఆండ్రియాస్ పగులుని దాటుతూ వాలెస్ క్రీక్ అని ఒక చిన్న వాగు పారుతుంది. కొండ నుంచి తిన్నగా వస్తుంది, పగులు దగ్గర ఠక్కున పక్కకి తిరిగి 130 మీటర్లు దాని వెంబడే నడిచి, మళ్లీ తిరిగి తన దారిన పోతుంది. ఆ వాగు గట్టు మట్టిలో దొరికిన బొగ్గుని రేడియోకార్బన్‌తో చూస్తే ఈ వంకర దాదాపు 3,700 ఏళ్లలో ఏర్పడిందని తేలింది. అంటే ఏడాదికి మూడున్నర సెంటీమీటర్లు, అక్కడ జీపీఎస్ చూపించేది కూడా దాదాపు అంతే.

ఇక నా సొంత పని. బసాల్ట్ బండ మీద నీళ్లు పోస్తూ రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రిల్‌తో వేలంత పొడవు కోర్, అంటే గుండ్రటి రాతి కడ్డీ, కోస్తాం. దాన్ని విరిచి తీసే ముందే, ఇంకా బండకి అంటుకుని ఉండగానే, చుట్టూ ఒక గొట్టం లాంటి పరికరం దించి, అది ఎంత వాలి ఉందో, ఏ దిక్కుకి చూస్తోందో రాసుకుని, ఇత్తడి తీగతో దాని మీద గీత గీస్తాం. ఆ గీత తప్పితే రోజంతా చేసిన పని వృథా. ల్యాబ్‌లో ఆ ముక్కని కొద్దికొద్దిగా వేడి చేసి చల్లారుస్తూ, తర్వాతి కాలంలో అంటుకున్న పైపై అయస్కాంతత్వాన్ని వదిలించి, చివరికి మిగిలిన అసలు దిశని కొలుస్తాం. భూమి క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర నేలకి సమాంతరంగా, ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది, కాబట్టి రాయిలోని దిశ ఎంత వాలి ఉందో తెలిస్తే ఆ రాయి ఏ అక్షాంశం దగ్గర పుట్టిందో తెలుస్తుంది. దక్కన్ లావా పొరలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి, ఇప్పుడున్నది 20 డిగ్రీల ఉత్తరం చుట్టుపక్కల. వాటి లోపలి దిశ దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం చెప్తుంది. యాభై డిగ్రీలంటే 5,500 కిలోమీటర్లు, ఏడాదికి సగటున 8 సెం.మీ. కన్నా కాస్త ఎక్కువ. ఆసియాని గుద్దుకోక ముందు ఇండియా ఇంకా వేగంగా వచ్చింది, ఇప్పుడు ఆసియాతో పోలిస్తే సుమారు 5 సెం.మీ.కి తగ్గింది. మొదటిసారి ఆ వాలు నా చేతి కొలతలో వచ్చినప్పుడు నేను గీత తప్పు గీశానేమో అని మళ్లీ మళ్లీ చూసుకున్నాను. పక్క కోర్, దాని పక్క కోర్ కూడా అదే చెప్పాయి.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక అభ్యంతరం తెస్తారు: ఖండం కదల్లేదు, ధ్రువమే కదిలిందేమో అని. 1950ల్లో కీత్ రన్‌కార్న్, టెడ్ అర్వింగ్ లాంటివాళ్లు సరిగ్గా ఈ విషయం మీదే కూర్చున్నారు. ధ్రువం ఒక్కటే కదిలి ఉంటే అన్ని ఖండాల రాళ్లూ ధ్రువం నడిచిన ఒకే దారి చూపించాలి. యూరప్ రాళ్లు ఒక దారి, ఉత్తర అమెరికా రాళ్లు ఇంకో దారి చూపించాయి. అట్లాంటిక్‌ని మూసేసి రెండు ఖండాల్నీ దగ్గరికి చేరిస్తే ఆ రెండు దారులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రన్‌కార్న్ మొదట ఖండాల కదలికని నమ్మనివాడే, ఈ కొలతలు చూశాక మనసు మార్చుకున్నాడు.

"కొత్త నేల పుడుతుంటే భూమి పెద్దదవ్వాలి కదా" అని కూడా అడుగుతుంటారు. పుట్టినంత నేల ఇంకోచోట లోపలికి పోతోంది. పసిఫిక్ చుట్టూ సముద్రం అడుగున ఉన్న అగాధాల దగ్గర భూకంపాల లోతులు గుర్తిస్తే ఏటవాలుగా లోపలికి దిగుతూ దాదాపు 700 కి.మీ. దాకా పోతాయి, కిందికి దిగుతున్న పలక దారి అది. అందుకే ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు దొరుకుతుంటే, మహాసముద్రాల అడుగు మాత్రం దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్లు దాటదు. వెగెనర్ చెప్పలేకపోయిన శక్తి కూడా ఇక్కడే ఉంది. చల్లారి బరువెక్కిన పలక అంచు కిందికి దిగుతూ మిగతా పలకని తన వెనక లాగుతుంది. పలకల కింద ఉన్న మాంటిల్ అనే మందపాటి రాతి పొర ఘనపదార్థమే అయినా ఆ వేడికి లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది.

చివరిగా, "ఇప్పుడు కదులుతున్నాయని ఎవరు చూశారు" అన్నదానికి. జీపీఎస్ మీద అనుమానం ఉంటే దాన్ని వదిలేయండి. కోట్లాది కాంతి సంవత్సరాల అవతల ఉన్న క్వేజార్ల (చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) రేడియో సంకేతం అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్‌కీ స్వీడన్‌లోని ఓన్సలాకీ ఎంత తేడాతో చేరిందో 1980ల నుంచి కొలుస్తున్నారు. ఆ రెండు రేడియో టెలిస్కోపుల మధ్య దూరం ఏడాదికి సుమారు 1.7 సెం.మీ. పెరుగుతూనే ఉంది. ఇక ఆస్ట్రేలియా ఉన్న పలక అందరికన్నా వేగంగా కదిలేవాటిలో ఒకటి, ఏడాదికి 7 సెం.మీ. ఆ దేశం 1994 జనవరి 1 నాటి స్థానాల్ని ఆధారంగా పెట్టుకుని మ్యాపులు గీసుకుంది. 26 ఏళ్లు గడిచేసరికి దేశం మొత్తం ఈశాన్యానికి 1.8 మీటర్లు జరిగిపోయింది, ఉపగ్రహం చెప్పే చోటు ఒకటి, మ్యాప్‌లో చోటు ఇంకొకటి అయ్యాయి. దాంతో వాళ్లు 2020 జనవరి 1 స్థానాలతో కొత్త ఆధారం పెట్టుకుని దేశంలోని ప్రతి అక్షాంశం, ప్రతి రేఖాంశం అంకెని ఆ మేరకు సవరించుకున్నారు.